జీడి గుర్తు

స్పిన్‌కు వచ్చిందంటే చాలు
బాల్కనీలకెల్లి బయల్దేరుతది.
జానెడు, ఇంకో జానెడు,
బాత్రూం గడప దాంక నడిచి
పైపు గుంజుకొని ఆగుతది,
పలుపు అందినంత మేరనే తిరిగే బర్రె లెక్క.
కింది ఫ్లాటు పోస్టుమాస్టరు గారు
మునుపు ఫోన్ చేసేటోడు.
ఇప్పుడు చీపురుకట్టెతోని సీలింగు మీద రెండు దెబ్బలు,
అంతే.
మేం ఆపి, వెనక్కి తోసి, మళ్ల మొదలుపెడ్తం.

పార్సిగుట్ట నుంచి జహంగీర్ వచ్చిండు.
హెల్మెట్ బోర్లేసి అండ్ల స్క్రూలు పోసుకున్నడు.
డ్రమ్ముల చెయ్యి పెట్టి తిప్పిండు.
గర గర.
"బేరింగ్ పోయింది మేడం, ఎనక స్పైడర్‌ను గూడ తిన్నది.
బోరు నీళ్లు. గీ సున్నం చూడుండ్రి."
గోరుతోని గీకితే
పద్నాలుగేండ్ల వారాసిగూడ
తెల్లగ రాలింది.
"నాలుగువేల ఎనిమిదొందలు. గ్యారంటీ మాత్రం అడగొద్దు."

కరెంటు బిల్లు ఎనకదిక్కు లెక్కేసిన.
కొత్తది ఇరవై రెండు వేలు.
పాతది ఇస్తే పదిహేనొందలు తగ్గిస్తడట
ముషీరాబాద్ షాపోడు,
"నడుస్తుంటెనే" అన్నడు.
నడుస్తది నాయనా,
నడుసుడే దాని రోగం.

కొత్తదైతే ఆఫీసులకెల్లి ఫోన్లనే ఆన్ చెయ్యొచ్చంటది
మా స్ఫూర్తి.
లోపల బట్టలెవరేస్తరే అంటే
మొకం ముడుసుకున్నది.

ఇది ఇంటికొచ్చిన దినం
మా నాయిన ఇస్త్రీబండి కాడికెల్లి
బొగ్గు చేతులతోనే వచ్చిండు.
మూత మీద చెవి పెట్టి శానసేపు ఇన్నడు.
"దెబ్బ ఇనొస్తలేదేందే?
దెబ్బ పడకుంట మురికెట్ల ఇడుస్తది?"
అమ్మ ఏమనలె.
తడి అంగీ తీసి కాలరు వెలుతురుకు పట్టింది,
మడత కాడ బొటనేలితో రుద్దింది,
ఇంకో కాలరు తీసింది,
ఇంకోటి.
దోబీఘాట్ల నలభై ఏండ్లు వంగిన నడుము అది,
తప్పు దొరుకుతదేమోనని ఎంత ఎతికిందో.
రాత్రి అన్నం కాడ మెల్లగ అన్నది:
"నీ చేతులు నీకు మిగుల్తయి, పో."

నాయినకు అక్షరం రాదు.
నల్లజీడి గింజ గుచ్చి
బట్ట అంచుకు గుర్తులు పెట్టేటోడు.
రెండు చుక్కలు, డాక్టరమ్మ ఇల్లు.
గీత మీద చుక్క, రైల్వే క్వార్టర్లు.
మూడు గీతలు, వాటి మీదకెల్లి ఒక అడ్డగీత:
బాకీ ఎగ్గొట్టిన కిరాణం సేటు.
బట్ట చిరిగినా గుర్తు చెరగకపోయేది.
ఒక్క జేబురుమాలు తప్పిపోలె ఎన్నడు.
మా బట్టలకే గుర్తుండకపోయేది.
అవి ఎవల దాంట్ల కలుస్తయి గనుక.

జహంగీర్ ఎనక రేకు ఇప్పిండు.
లోపల, తుప్పుకు అందనంత ఎత్తుల,
మార్కరు రాతలు.
2013, బెల్టు, జె.
2017, డ్రెయిన్ మోటరు, జె.
దాని కింద
2020, జె.
ఏం మార్చినవో రాయలేదే అంటే
తల గోక్కున్నడు.
"లాక్‌డౌన్ల వచ్చిన మేడం.
పైసలు తీసుకోలె కద,
పని రాస్తే బాగుండదని."

వారంల చెప్త అన్న.
దినం తప్పించి దినం నల్లా,
పొద్దుగాల నాలుగింటికి.
బకెట్ల నానబెట్టి ఉతికిన.
చేతులకు యాదున్నది గని
నడుముకు లేదు.
జీన్సు ప్యాంటు పిండుతుంటె స్ఫూర్తి వచ్చి
రెండో కొస పట్టుకున్నది.
నేను తిప్పిన దిక్కే తనూ తిప్పింది.
చుక్క రాలలె.
ఇద్దరం తిప్పుకుంట తిప్పుకుంట
ప్యాంటు అట్లనే ఉన్నది మా నడుమ,
నీళ్లు మోసుకుంట.
నవ్వొచ్చి ఇడిసిపెట్టినం, కాళ్ల మీద పడ్డది.

బుధవారం ఫోన్ చేసిన.
రాణిగంజ్‌ల బేరింగ్ దొరుకుతదా?
"దొరుకుతది. కంపెనీది గాదు."
తీసుకరా.
మార్కరు గూడ.

అటెంకల మెట్లు దిగి
పోస్టుమాస్టరు గారికి చెప్పొచ్చిన,
ఇంకొన్ని దినాలు
చీపురు దగ్గరనే పెట్టుకొమ్మని.